పీచు తినమన్నారు, సరే

కిందటి ఏడాది సంగారెడ్డి జిల్లాలో ఒక ఊళ్ళో ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి మాట్లాడుకుందామని కూర్చున్నాం. పత్తి ఏరే రోజులు కావడంతో మీటింగు రాత్రి ఎనిమిదింటికి గానీ మొదలు కాలేదు. ఇరవై మంది దాకా వచ్చారు. వాళ్ళలో యాభై ఏళ్ళ ఒకామె కొంగుముడి విప్పి, మడతలు పడి మాసిపోయిన మందుల చీటీ ఒకటి నా చేతిలో పెట్టింది. ఆమెకు షుగరు ఉంది. అంతకంటే ముందు నుంచీ మలబద్ధకం. నాలుగైదు రోజులకొకసారి కూడా విరేచనం కాక, పొట్ట రాయిలా బిగిసిపోయి, మొలలు వచ్చి, కూర్చుని పత్తి ఏరలేని స్థితిలో పట్నం పోయి డాక్టరుకి చూపించుకుంది.

"సారు రాసిన గోలీలన్నీ దొరికినయ్ మేడం. కిందిది ఒక్కటే దొరకలే. రెండు దుకాండ్లల్ల అడిగిన, లేదన్నరు" అంది.

చీటీలో అన్నిటికంటే కింద ఇంగ్లీషులో రాసి ఉన్నది 'హై ఫైబర్ డైట్' అని. అది మందు కాదనీ, తిండి గురించి రాసిన మాట అనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. మూడో దుకాణంలో కుర్రాడు ఇసబ్‌గోల్ పొట్టు డబ్బా ఒకటి చేతిలో పెట్టి సగం రోజు కూలి తీసుకున్నాడట. అది నీళ్ళతో తాగాలని కూడా చెప్పలేదు. ఆమె దాన్ని అన్నంలో కలుపుకుని తింది. ఇంకా బిగుసుకుపోయింది.

ఆ చీటీ చదివాక నేను మామూలుగా చెప్పే ఉపన్యాసం చెప్పబోయాను. ఆకుకూరలు తినాలి, పప్పులు తినాలి, పండ్లు తినాలి. నోరు తెరిచేలోపే ఇంకొకామె నవ్వింది. "తినాల్నని మాకెరుకలేదా మేడం? కూర ఎవరి కాడికొచ్చేసరికి అయిపోతదో అది చెప్పు." ఆ మాటతో మీటింగు ఎటో పోయింది. నాకు మాత్రం అది పోవలసిన వైపే పోయిందనిపించింది. ఈ వ్యాసం ఆ రాత్రి నుంచి నన్ను వదలని ఆలోచనల గురించి.

ముందు ఈ పీచు అనేదేమిటో, అది మన ఒంట్లో చేసే పని ఏమిటో చూద్దాం. ఎందుకంటే దీన్ని 'పొట్ట శుభ్రం చేసే చీపురు' అన్నట్టు చెప్పే రోజులు పోయాయి. గత పాతికేళ్ళలో వచ్చిన పరిశోధన దాని అర్థాన్నే మార్చింది. గింజల పైపొరల్లో, పప్పుల్లో, ఆకుల్లో, దుంపల్లో మన జీర్ణరసాలు అరిగించలేని భాగం ఒకటి ఉంటుంది. అది చిన్నపేగు దాటి పెద్దపేగులోకి చేరుతుంది. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులు, వందల జాతులవి, కాపురం ఉంటాయి. మనం అరిగించుకోలేనిదే వాటికి ఆహారం. అవి దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే ఆమ్లాలను తయారు చేస్తాయి. వీటిలో బ్యుటిరేట్ పెద్దపేగు లోపలి గోడలోని కణాలకు ప్రధానమైన ఇంధనం. అంటే పేగు గోడకు కావలసిన తిండిలో ఎక్కువ భాగం రక్తంలోంచి రావడం లేదు, ఆ సూక్ష్మజీవులు వండి పెడుతున్నాయి. వాపును అదుపులో పెట్టడం, రోగనిరోధక కణాలకు సంకేతాలు పంపడం, షుగరును సర్దుబాటు చేయడంలో కొంత పాలు పంచుకోవడం, ఇవన్నీ ఆ వంటలోంచి వచ్చేవే.

మరి వాటికి తిండి పెట్టకపోతే? 2016లో వెలువడిన ఒక ఎలుకల ప్రయోగంలో, మనుషుల పేగుల్లో ఉండే సూక్ష్మజీవులను ఎలుకల్లో పెంచి, వాటికి పీచులేని తిండి పెట్టారు. ఆకలేసిన సూక్ష్మజీవులు పేగు గోడను కాపాడే జిగురుపొరనే తినడం మొదలుపెట్టాయి. పొర పలచబడింది. రోగక్రిములు లోపలికి చొరబడడం తేలికైంది. ఇంట్లో తిండి లేనప్పుడు వాసాలు పీకి పొయ్యిలో పెట్టుకోవడం లాంటిది ఇది.

మనుషుల మీద జరిగినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది 2015లో వెలువడిన ఒక అధ్యయనం. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఉండే 20 మంది నల్లజాతి అమెరికన్లనూ, దక్షిణాఫ్రికా పల్లెల్లో ఉండే 20 మందినీ తీసుకుని, రెండు వారాల పాటు వాళ్ళ తిండిని అటుదిటు మార్చారు. రోజుకు 14 గ్రాముల పీచు తినే అమెరికన్లకు 55 గ్రాములు పెట్టారు. 66 గ్రాములు తినే ఆఫ్రికన్లకు 12 గ్రాములకు తగ్గించి, మాంసం, కొవ్వు పెంచారు. రెండే వారాలు. అమెరికన్ల పేగుల్లో బ్యుటిరేట్ రెండున్నర రెట్లు పెరిగింది, పేగు గోడలో వాపు తగ్గింది. ఆఫ్రికన్లలో బ్యుటిరేట్ సగానికి పడిపోయింది, పెద్దపేగు క్యాన్సరుకు దారితీసే లక్షణాలుగా భావించేవి పెరిగాయి. అమెరికాలో నల్లవాళ్ళకు పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువ రావడాన్ని అప్పటిదాకా జాతి స్వభావానికి అంటగట్టాలని చూసినవాళ్ళున్నారు. రక్తంలో లేని జాతి పళ్ళెంలో ఉందని ఆ రెండు వారాలు చూపించాయి. పళ్ళెం ఎవరు నింపుతారు, దేనితో నింపుతారు అన్నది సామాజిక శాస్త్రం ప్రశ్న. నా ప్రశ్న అదే.

మన పళ్ళెం దగ్గరికి వద్దాం. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టికలు చూస్తే, పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకు 3 గ్రాముల పీచు కూడా లేదు. జొన్నలు, సజ్జలు, రాగుల్లో 10, 11 గ్రాములుంటుంది. 2000 కేలరీల ఆహారంలో 30 గ్రాముల పీచు ఉండాలని ఆ సంస్థే చెబుతోంది. ఒక కూలి మనిషి రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకుని తిన్నా లెక్క 11 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. పక్కన పలచటి చారు, పచ్చడి మెతుకు ఉంటే మిగతా 19 గ్రాములు ఎక్కడ నుంచి వస్తాయి? అదే 400 గ్రాముల జొన్నయితే 40 దాటుతుంది. కాబట్టి తప్పు తినేవాళ్ళది అనేముందు, జొన్న తినే ఊళ్ళు బియ్యం తినే ఊళ్ళుగా ఎట్లా మారాయో చూడాలి.

బియ్యానికి పాలిష్ పట్టడం వల్ల వచ్చే నష్టం మనకు కొత్తగా తెలిసింది కాదు. హైదరాబాదులో ఇప్పుడున్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టిందే ఆ ప్రశ్న మీద. 1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో బెరిబెరి వ్యాధి మీద విచారణకు మొదలైన కేంద్రం అది, 1958లో హైదరాబాదుకు వచ్చింది. బెరిబెరి అంటే తవుడు పోయిన బియ్యమే ఆధారంగా బతికేవాళ్ళకు థయమిన్ అనే విటమిన్ దొరకక కాళ్ళు చచ్చుబడే, గుండె దెబ్బతినే జబ్బు. అప్పట్లో ఉత్తర సర్కారులనే మన కోస్తా జిల్లాలు దానికి పేరుపడ్డాయి. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో అది అరుదు, మిల్లాడించిన పచ్చి బియ్యం తినే మన దగ్గర ఎక్కువ. అంటే తవుడుతో పాటు ఏం పోతోందో తెలిసి నూరేళ్ళయింది. తెలిసి కూడా మిల్లులు తెల్లగా, ఇంకా తెల్లగా పట్టాయి. తెల్ల బియ్యం నిలవ ఉంటుంది, ధర పలుకుతుంది. తవుడు నూనె మిల్లుకు విడిగా అమ్ముకోవచ్చు. వ్యాపారికి రెండు వైపులా లాభం.

అయితే ఇక్కడ నేనొక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ మధ్య 'అమ్మమ్మల తిండి', 'దంపుడు బియ్యం రోజులు' అంటూ సభల్లో, టీవీల్లో వినిపించే విలాపంతో నాకు పేచీ ఉంది. మా అమ్మ కృష్ణా జిల్లాలో పుట్టింది. చిన్నప్పుడు తెల్లవారుజామున లేచి అక్కతో జోడీగా రోకలి వేసేదట. అరచేతుల్లో కాయలు పెళ్ళయ్యే నాటికి కూడా పోలేదు. నేను ఒకసారి గాంధీ 1934లో పెట్టిన గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యాన్ని ప్రోత్సహించిన సంగతి చదివి ఉత్సాహంగా చెబితే, ఆమె బత్తాయి ఒలుస్తూ తల ఎత్తకుండానే, "దంపుడు బియ్యం గొప్పతనం దంచనివాళ్ళే చెప్తారే అమ్మాయ్" అంది. మా ఊళ్ళో మిల్లు పెట్టిన రోజు తమ ఇంట్లో ఆడవాళ్ళు పండగ చేసుకున్నారట.

రోకలి ముందు నిలబడ్డవాళ్ళలో కూడా అందరిదీ ఒకే కథ కాదు. మా అమ్మ లాంటి చిన్న రైతు ఇంటి ఆడపిల్లకు మిల్లు విడుదల. దంపుళ్ళ కూలి మీద నూకలు, తవుడు తెచ్చుకుని పిల్లల్ని పెంచుకునే వితంతువులకు, దళిత స్త్రీలకు అదే మిల్లు కూడు తీసేసింది. ఏ పరిహారమూ లేకుండా తీసేసింది. యంత్రం వచ్చాక ఆ పని మగవాళ్ళ చేతికీ, పెట్టుబడి చేతికీ పోయింది. మన ముందు ఎప్పుడూ ఈ రెండు దారులే పెట్టారు: ఆడవాళ్ళ నడుములు విరగాలి, లేదంటే తవుడంతా పోవాలి. కొంచెమే పాలిష్ పట్టే మిల్లు పెట్టడం సాంకేతికంగా కష్టం కాదు. అడిగినవాళ్ళు లేరు.

తెలంగాణలో, రాయలసీమలో మెట్ట ఊళ్ళ కథ ఇంకొకటి. అక్కడ తెల్లన్నం పండగ పూట మాట. మిగతా రోజుల్లో జొన్న గటక, రొట్టె, సంగటి, అంబలి. తెల్లన్నం దొరల ఇళ్ళలో తినేది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టినప్పుడు దాన్ని కేవలం ఓట్ల లెక్కగా చూసిన మేధావులున్నారు. కానీ కడుపునిండా అన్నం అనేది ఒక తరం పేద స్త్రీలకు ఆకలి తీరడమే కాదు, తలెత్తుకోవడం కూడా. 2025 ఉగాదికి తెలంగాణలో రేషన్ కార్డుల మీద సన్నబియ్యం ఇవ్వడం మొదలైనప్పుడు కూడా నేను ఊళ్ళలో విన్న మాట అదే: "ఇప్పుడు మేము కూడా అదే తింటున్నం." ఆ ఆత్మగౌరవాన్ని పీచు లెక్కలతో కొట్టిపారేసే హక్కు నాకు లేదు. ముతక తిండి మీద కులం వేసిన ముద్ర అంత తేలికగా పోదు.

అయినా ఇంకో వైపు కూడా చూడాలి. రేషన్ షాపులో తిండిగింజలంటే ప్రధానంగా బియ్యమే దొరకడంతో మెట్ట పొలాల్లో జొన్న, కొర్ర, సామ వేసే కారణం తగ్గిపోయింది. వాటి మధ్య వేసే కంది, అనుము, పెసర, అలసంద కూడా వాటితోనే పోయాయి. చేలో తనంత తానే మొలిచే గునుగు, దొగ్గలి, తుమ్మికూర లాంటి ఆకుకూరలు పత్తి వచ్చి, గడ్డిమందులు వచ్చాక కనబడడం మానేశాయి. ఆ ఆకులు ఎవరూ కొననివి. ఆడవాళ్ళు కలుపు తీస్తూ ఒడిలో వేసుకొచ్చేవి. పేదింటి పేగుకు పీచు అందించిన ఆ ఆకు జాతీయాదాయంలో ఏ లెక్కలోనూ లేదు, పోయినప్పుడు కూడా ఏ లెక్కలోనూ నష్టంగా రాలేదు.

దీనికి ఎదురు నడిచినవాళ్ళు లేకపోలేదు. జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత స్త్రీల సంఘాలు బీడు భూముల్ని సాగులోకి తెచ్చి, 1990ల మధ్యలో తమ ఊళ్ళలో తామే జొన్నలు పండించి, నిలవ చేసి, పేద ఇళ్ళకు తక్కువ ధరకు ఇచ్చే రేషన్ నడిపాయి. ఎవరు ఎంత పేదవాళ్ళో ఆ స్త్రీలే ఊరందరి ముందు నిర్ణయించారు. బియ్యం కాకుండా ఇంకొకటి రేషన్‌గా ఇవ్వవచ్చని మాటల్లో కాదు, గాదెల్లో చూపించారు. 2013 ఆహార భద్రత చట్టం ముతక ధాన్యాలను కూడా రేషన్‌లో ఇవ్వవచ్చని కిలో రూపాయి ధర రాసింది. రాసి ఊరుకుంది. 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది, మన ప్రభుత్వం వాటికి 'శ్రీ అన్న' అని పేరు పెట్టి విందులు ఇచ్చింది. ఫలితం హైదరాబాదు సూపర్ మార్కెట్లలో కనబడుతోంది. కొర్రలు సన్నబియ్యం కంటే ఎక్కువ ధరకు, అందమైన సంచుల్లో. ఒకప్పుడు తిన్నందుకు చిన్నచూపు చూసిన తిండి ఇప్పుడు వాళ్ళే కొనలేని తిండి అయింది.

ఇక శాస్త్రం లోపల నాకు కనబడే ఇంకో ప్రమాదం చెప్పాలి. 2016లోనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎలుకల్లో మరో ప్రయోగం చేశారు. నాలుగు తరాల పాటు పీచు తక్కువ తిండి పెడితే తల్లి నుంచి పిల్లకు అందే సూక్ష్మజీవుల జాతులు తరతరానికీ తగ్గిపోయాయి. కొన్ని తరాల తర్వాత మళ్ళీ పీచు పెట్టినా పోయినవి తిరిగి రాలేదు. ఇది ముఖ్యమైన ఫలితమే. కానీ ఇది పత్రికల్లోకి వచ్చేసరికి 'తల్లి తినకపోతే బిడ్డకు లోటు' అయింది. 'తల్లి' అన్న మాట ఎక్కడ దొరికితే అక్కడ వేలు చూపించడం మన సమాజానికి అలవాటు. బిడ్డ నల్లగా పుడితే తల్లి, ఆడపిల్ల పుడితే తల్లి, ఇప్పుడు పేగులో బాక్టీరియా తక్కువైతే తల్లి.

నిజంగా ఆ వారసత్వం ఎక్కడ తెగుతోందో చూద్దాం. మామూలు కాన్పులో పుట్టిన బిడ్డకు మొదట అంటే సూక్ష్మజీవులు తల్లి జననమార్గంలోవి, పేగులోవి. సిజేరియన్‌లో పుట్టిన బిడ్డకు మొదట అంటేవి ఎక్కువగా చర్మం మీదవి. ఈ తేడా మొదటి నెలల్లో స్పష్టంగా ఉంటుందని 2010 నుంచి వచ్చిన అధ్యయనాలు చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోకెల్లా ఎక్కువ. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ఇంతమంది తల్లులు సరదాకి కడుపు కోయించుకుంటున్నారా? సిజేరియన్ ఎప్పుడు అవసరమో అప్పుడు ప్రాణం నిలబెడుతుంది, అందులో వాదన లేదు. వాదన నూటికి ఎనభై మీద. దానికి జవాబు చెప్పాల్సినవాళ్ళు ఎవరూ పీచు గురించి తల్లికి చేసే హితబోధలో కనిపించరు.

తల్లిపాల సంగతి ఇంకా విచిత్రమైనది. లాక్టోజ్, కొవ్వు తర్వాత అందులో ఎక్కువగా ఉండేవి కొన్ని గొలుసు చక్కెరలు. వాటిని బిడ్డ అరిగించుకోలేదు. మరి తల్లి శరీరం అంత శ్రమపడి వాటినెందుకు తయారు చేస్తోంది? బిడ్డ పేగులో పెరిగే బిఫిడో బాక్టీరియా కోసం. అంటే మనిషి తినే మొదటి పీచు లాంటి పదార్థాన్ని తల్లి ఒళ్ళే చేసి పెడుతోంది. ఆరు నెలలు తల్లిపాలే పట్టమంటారు. పత్తి చేలో, ఇటుక బట్టీలో, బట్టల దుకాణంలో పనిచేసే తల్లికి ఆరు నెలలు జీతంతో సెలవు ఎవరిస్తారు? ప్రసూతి ప్రయోజనాల చట్టంలో 2017 సవరణతో వచ్చిన 26 వారాలు అసంఘటిత రంగంలో ఉన్నవాళ్ళ గడప తొక్కలేదు.

మళ్ళీ ఆ రాత్రి మీటింగు దగ్గరికి వస్తాను. కూర ఎవరి దగ్గరికి వచ్చేసరికి అయిపోతుందన్న ప్రశ్నకు అక్కడున్న ప్రతి ఒక్కరి దగ్గరా జవాబు ఉంది. ముందు మగవాళ్ళు, తర్వాత పిల్లలు, తర్వాత అత్త, తర్వాత కోడలు. గిన్నెలో మిగిలేది పులుసు, అడుగంటిన మసాలా, అన్నం. పీచున్నది ముక్కల్లో, పప్పులో, ఆకులో. నీళ్ళలో కాదు. అన్నం అందరికీ సరిపోతుంది కాబట్టి ఆకలి తీరినట్టే ఉంటుంది, అందుకే ఈ లోటు ఎవరికీ కనబడదు. 'ఇంటికి తలా ఇన్ని గ్రాములు' అని లెక్కలు కట్టే సర్వేలు ఇంటి లోపల ఏం జరుగుతుందో చూడవు. షుగరు వచ్చిన భర్తకు జొన్నరొట్టె విడిగా చేసి, పిల్లలకు అన్నం వండి, తాను పిల్లలు వదిలేసిన అన్నం తినే స్త్రీని నేను నా సొంత చుట్టాల్లోనే చూశాను. ఆమెకూ షుగరే.

ఆ రొట్టె చేయడానికి పట్టే సమయం గురించి ఏ పోషకాహార నిపుణుడూ మాట్లాడడు. వేడినీళ్ళతో పిండి కలిపి, ఒక్కొక్కటీ చేత్తో తట్టి, పొయ్యి ముందు నిలబడి కాల్చాలి. ఒకసారి అన్నం వార్చడం ముందు అది మూడింతల పని. 2019లో జరిగిన కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు, చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. 2024లో అవి 289, 88 అయ్యాయి. స్త్రీలకు పది నిమిషాలు తగ్గింది, మగవాళ్ళు కూడా వెనకబడకుండా తొమ్మిది తగ్గించుకున్నారు. 'పీచు తినండి' అనే సలహా ఈ 289 నిమిషాల్లో ఎక్కడ పడుతుంది?

ఇంకో ఇబ్బంది ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. తవుడులో, చిరుధాన్యాల పైపొరలో, పప్పుల్లో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. అది ఇనుమును పట్టుకుని ఒంటికి అందనివ్వదు. అదే 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం స్త్రీలకు రక్తహీనత ఉంది. మాంసం, గుడ్డు, పండ్లు లేకుండా ఉత్త ముతక గింజలు తినమంటే ఆ స్త్రీలకు పూర్తి మేలు జరగదు. అయితే నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ఫైటేట్‌ను తగ్గిస్తాయి. రాత్రి పులిసిన అంబలి, నానబెట్టి రుబ్బిన పిండి, మొలక కట్టిన పెసలు ఈ పని చేస్తూనే వచ్చాయి. చద్దన్నంలో కూడా కొంత విషయముంది. వండి చల్లారిన అన్నంలో పిండి పదార్థం కొంత గట్టిపడి అరగకుండా పెద్దపేగు దాకా పోతుంది, అంటే పీచులాగే పనిచేస్తుంది. కానీ ఆ కొంత కొంతే. చద్దన్నం సర్వరోగ నివారిణి అని వీడియోల్లో చెప్పేవాళ్ళను నమ్మకండి. ఇంట్లో ఆడవాళ్ళు చద్దన్నం తిన్నది పేగు కోసం కాదు, వేడన్నం మిగలక.

2021లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ అధ్యయనం ఒకటి ఈ విషయంలో తొందర వద్దంటోంది. 36 మందిని రెండు జట్లు చేసి పది వారాలు ఒక జట్టుకు పీచు ఎక్కువగా, ఇంకో జట్టుకు పెరుగు లాంటి పులిసిన పదార్థాలు ఎక్కువగా పెట్టారు. పులిసినవి తిన్నవాళ్ళలో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగి, వాపు గుర్తులు తగ్గాయి. పీచు తిన్న జట్టులో వైవిధ్యం ఆ కొద్ది వారాల్లో పెరగలేదు. అంటే ఏళ్ళ తరబడి పోయినది డబ్బా పొట్టుతో పది వారాల్లో తిరిగి రాదన్నమాట. 'గట్ హెల్త్' పేరుతో నగర స్త్రీలకు పొడులు, గోలీలు, మలపరీక్షలు అమ్మే వ్యాపారం ఈ సంగతి చెప్పదు. నడుము సన్నబడుతుందని మాత్రం చెబుతుంది.

ప్రజల సొమ్ముతో ఏం చేయవచ్చో తెలియాలంటే బంగ్లాదేశ్ చూడాలి. అక్కడి పోషకాహార లోపం ఉన్న పసిపిల్లల పేగుల్లో సూక్ష్మజీవుల సమూహం వయసుకు తగ్గట్టు ఎదగడం లేదని 2014లో గుర్తించారు. తర్వాత ఢాకాలోని మీర్‌పూర్ మురికివాడలో పిల్లలకు శనగపిండి, సోయాపిండి, వేరుశనగ, పచ్చి అరటికాయ కలిపిన ఆహారం మూడు నెలలు పెట్టారు. 2021లో వచ్చిన ఫలితాల్లో, ఎక్కువ కేలరీలున్న మామూలు ప్యాకెట్ ఆహారం తిన్న పిల్లల కంటే వీళ్ళ బరువు మెరుగ్గా పెరిగింది. శనగలు, వేరుశనగలు, అరటికాయలు. వీటిలో మన అంగన్‌వాడీకి దొరకనిది ఏముంది? తయారుచేసే ఆ అంగన్‌వాడీ టీచరుకూ, ఆయాకూ జీతం అనకుండా 'గౌరవ వేతనం' అని ఇచ్చే పద్ధతి మారితే, అది ఎవరో విదేశీ పరిశోధకుడు చెప్పే దాకా ఆగనక్కర్లేదు.

చివరగా ఒకటి. పీచు తింటే నీళ్ళు ఎక్కువ తాగాలి, తాగకపోతే గట్టిపడుతుంది. ఇసబ్‌గోల్ తిన్న ఆమెకు జరిగింది అదే. నీళ్ళు తాగితే పోవాలి. పత్తి చేలో, సంతలో, బట్టల షాపుల్లో, మండలాఫీసు దగ్గర పగలంతా నిలబడే ఆడవాళ్ళు పొద్దున్నుంచి గొంతు తడుపుకోకుండా ఉండడం మనందరం చూసిందే. చాలామంది వచ్చిన దాన్ని రాత్రి దాకా ఆపుకుంటారు. అట్లా ఏళ్ళ తరబడి ఆపుకుంటే పేగు పిలవడం మానేస్తుంది. దీనికి తోడు కడుపుతో ఉన్నప్పుడు ఇచ్చే ఐరన్ గోలీలు మలబద్ధకం తెస్తాయి. అందుకే సగంలో పారేస్తారు. సర్వేలో 180 రోజులు వాటిని వేసుకున్న గర్భిణులు దేశం మొత్తం మీద 26 శాతమే. వాళ్ళను 'అజ్ఞానులు' అని తిట్టే నర్సమ్మకు కూడా ఆ సెంటర్లో మరుగుదొడ్డికి తాళం వేసి ఉంటుంది.

ఆ ఊళ్ళో ఆ తర్వాత ఇంకో రెండుసార్లు కూర్చున్నాం. చివరికి మండలాఫీసుకి ఒక అర్జీ రాద్దామన్నారు. రేషన్‌లో బియ్యంతో పాటు మనిషికి రెండు కిలోల జొన్నలు, కిలో కందిపప్పు; జొన్న, కొర్ర పట్టే చిన్న మిల్లు సంఘం చేతికి; సంతలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి. నేను జొన్నలు మొదట రాశాను. చీటీ తెచ్చిన ఆమె ఒప్పుకోలేదు. "జొన్నలు ఇచ్చినా తిని యాడికి పోవాలె? దొడ్డి మొదలు రాయి" అంది. కాగితం చించి మళ్ళీ రాశాం. ఇరవై రెండు వేలిముద్రలు, సంతకాలు పడ్డాయి. మొదటి అంశం మరుగుదొడ్డి.